సొంత సంఘమే ఎడ్వర్డ్స్‌ని ఎందుకు సాగనంపింది? (నార్తాంప్టన్, 1750)

గోదారిగట్టు

అందరికీ వందనాలండి. ఈ మధ్య తెలుగు ప్రసంగాల్లో జోనాథన్ ఎడ్వర్డ్స్ పేరు వినపడని వారం లేదు. 18వ శతాబ్దంలో అమెరికాలో, మసాచుసెట్స్ కాలనీలోని నార్తాంప్టన్ ఊరి కాపరి (పాస్టర్) ఆయన. 1741 జూలై 8న ఎన్‌ఫీల్డ్‌లో ఆయన దేవుని ఉగ్రత మీద ప్రసంగిస్తుంటే జనం ఏడుపులు, కేకలు ఎక్కువై మధ్యలో ఆపాల్సి వచ్చిందన్న సంగతి అందరూ చెబుతారు. కానీ అదే మనిషిని తొమ్మిదేళ్ళ తర్వాత సొంత సంఘం ఓటేసి మరీ పంపించేసిందని మాత్రం ఎవరూ చెప్పరు. 200 మందికి పైగా "వద్దు" అంటే 23 మంది "ఉండాలి" అన్నారట. 23 ఏళ్ళు కాపరిగా ఉన్న మనిషికి 23 ఓట్లు! ఇది నిజంగా సిద్ధాంతం గొడవేనా, లేక మన దగ్గర జరిగే కమిటీ రాజకీయం లాంటిదేనా? ఆయనకి జీతం ఎవరిచ్చేవాళ్ళు, దాని మీద కూడా గొడవ ఉందా? చదివినవాళ్ళు ఎవరైనా వివరంగా చెప్పండి, నాకు తొందరేం లేదు.

బోస్టన్_బావ

మంచి ప్రశ్న వేశారు. మాది నార్తాంప్టన్‌కి కారులో రెండు గంటల దూరం, ఆ ఊరి చరిత్ర కాస్త చదివాను. అయితే 1750 నుంచి మొదలుపెడితే ఏమీ అర్థం కాదు, వెనక్కి వెళ్ళాలి.

మసాచుసెట్స్‌కి వచ్చిన మొదటి తరం ప్యూరిటన్లు (ఇంగ్లండు చర్చిని శుద్ధి చేయాలని పట్టుబట్టినవాళ్ళు) సంఘ సభ్యత్వాన్ని చాలా గట్టిగా పట్టుకున్నారు. కాల్విన్ సిద్ధాంతం (ఎవరు రక్షణ పొందాలో దేవుడే ముందుగా ఏర్పరచాడన్నది) ఒప్పుకుంటే చాలదు, దేవుని కృప నీ మీద ఎలా పనిచేసిందో సంఘం ముందు నిలబడి చెప్పాలి, వాళ్ళు విని ఒప్పుకోవాలి, అప్పుడే ప్రభువు బల్ల (ఆరాధనలో రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడం). 1631 నుంచి కాలనీలో ఓటు హక్కు కూడా సంఘ సభ్యులైన మగవాళ్ళకే ఇచ్చారు కాబట్టి ఇది కేవలం ఆత్మీయ విషయంగా మిగల్లేదు. ఇక్కడే చిక్కొచ్చింది. వాళ్ళ పిల్లలు బాప్తిస్మం పొందారు, ఆదివారం తప్పకుండా వస్తున్నారు, మంచిగానే బతుకుతున్నారు, కానీ "నాకు మారుమనస్సు కలిగింది" అని చెప్పడానికి ముందుకు రావడం లేదు. మరి వాళ్ళకి పుట్టిన పిల్లలకి బాప్తిస్మం ఇవ్వాలా వద్దా? 1662లో బోస్టన్‌లో కూర్చున్న సినడు (సంఘాల ప్రతినిధుల సభ) మధ్యేమార్గం చెప్పింది: పిల్లలకి బాప్తిస్మం ఇవ్వండి, కానీ ఆ తల్లిదండ్రులకి బల్ల లేదు, సంఘంలో ఓటూ లేదు. దీన్ని తర్వాత కాలంలో సగం నిబంధన అని ఎగతాళిగా పిలిచారు.

నార్తాంప్టన్ కాపరి సాలమన్ స్టొడార్డ్ ఇంకో అడుగు ముందుకేశాడు. ఎవరి గుండెలో ఏముందో మనిషి తేల్చలేడు, కాబట్టి సిద్ధాంతం తెలిసి, బహిరంగంగా చెడు నడత లేనివాళ్ళందరినీ బల్లకి రానివ్వండి, ఆ బల్ల దగ్గరే దేవుడు మారుమనస్సు ఇస్తాడేమో అన్నాడు. బోస్టన్‌ కాపరి ఇంక్రీజ్ మేథర్ దీని మీద మండిపడ్డాడు, ఇద్దరి మధ్యా పుస్తకాల యుద్ధం చాలా ఏళ్ళు నడిచింది. స్టొడార్డ్ దాదాపు 60 ఏళ్ళు అదే పీఠం మీద ఉన్నాడు, ఆ కనెక్టికట్ నదీ లోయలో ఆయన్ని "పోపు" అని వెనకాల పిలిచేవాళ్ళు. ఆయన కూతురి కొడుకే ఎడ్వర్డ్స్. 1727లో తాతకి సహాయకుడిగా అభిషేకం, 1729లో తాత పోయాక మొత్తం బాధ్యత. ఇరవై ఏళ్ళు తాత పద్ధతిలోనే బల్ల ఇచ్చాడు. 1749లో "తాత చేసింది తప్పు" అని పుస్తకం అచ్చు వేశాడు.

ఇప్పుడు ఆ ఊరివాళ్ళ వైపు నుంచి ఆలోచించండి.

సందేహాలరావు

బావగారు చెప్పింది సరే, కానీ ఆ ఊరివాళ్ళు 1749 వరకు ఆగలేదండి, 1744లోనే మనసు విరిగింది. ఊళ్ళో కొందరు కుర్రాళ్ళు, అంటే ఇరవైల్లో ఉన్నవాళ్ళు, మంత్రసానుల కోసం రాసిన పుస్తకం ఒకటి దొరికించుకుని అందులో ఆడవాళ్ళ శరీరం గురించి ఉన్నవి చదివి ఆడపిల్లల్ని ఏడిపించారు. తప్పే, ఎవరూ కాదనరు. ఎడ్వర్డ్స్ ఏం చేశాడు? ఆదివారం ఆరాధన అయ్యాక, ఫలానా రోజు మా ఇంటికి రావాలి అంటూ పేర్ల జాబితా చదివాడు. అందులో నిందితులెవరో సాక్షులెవరో తేడా చెప్పలేదు. ఊళ్ళో సగం పెద్దింటి పిల్లలు ఒకే జాబితాలో! విచారణకి వచ్చిన రూట్ అనే కుర్రాడైతే "విగ్గుకు దణ్ణం పెట్టేది లేదు" అన్నాడని ఆ విచారణ కాగితాల్లోనే ఉంది. ఎడ్వర్డ్స్ తెల్ల విగ్గు పెట్టుకునేవాడు మరి.

అప్పటిదాకా మారుమనస్సు ఉద్యమంలో (మేలుకొలుపు అనేది దీన్నే) ఆయన వెనకాలే తిరిగిన యువకులు ఆ దెబ్బతో దూరమయ్యారు. తర్వాత ఏళ్ళ తరబడి కొత్తగా సంఘంలో చేరతామని వచ్చినవాళ్ళే లేరు. బల్ల, నిబంధన అంటూ పైకి చెప్పుకున్నారుగానీ లోపలున్నది "ఈయన మా మీద పెత్తనం చేస్తున్నాడు" అన్న కోపం. నా మటుకు నాకు ఇది అధికారం గొడవే, దానికి సిద్ధాంతం ముసుగు వేశారంతే.

అక్షరసత్యం

రావుగారూ, మీరు ఎప్పుడూ ఇంతే, ఎక్కడైనా విశ్వాసం కనపడితే దాని కింద కుర్చీ వెతుకుతారు 🙂

అధికారమే కావాలనుకుంటే ఆయన చేయాల్సింది చాలా తేలిక, నోరు మూసుకుని ఉండటం. తాత పద్ధతి కొనసాగిస్తే ఒక్కరూ కదిపేవారు కాదు. 1748 చివర్లో ఒకతను చేరతానని వస్తే ఎడ్వర్డ్స్ నాలుగైదు వాక్యాల ఒప్పుకోలు నమూనాలు రాసి చూపించాడు. మొదటి తరం అడిగినట్టు అనుభవ కథ చెప్పమనలేదు, "నేను మనస్ఫూర్తిగా నన్ను దేవునికి అప్పగించుకుంటున్నాను" అన్న అర్థంలో ఒక్క మాట చెప్పు చాలు అన్నాడు. అతను ఊళ్ళో గొడవకి భయపడి వెనక్కి తగ్గాడు. దీనివల్ల ఉద్యోగం పోతుందని ఎడ్వర్డ్స్‌కి ముందే తెలుసు, స్నేహితులకి రాసిన ఉత్తరాల్లో చెప్పుకున్నాడు. 46 ఏళ్ళ వయసు, 11 మంది పిల్లల్ని కన్న కుటుంబం (ఒక కూతురు అప్పటికే చనిపోయింది), ఆఖరి బిడ్డ పుట్టి మూడు నెలలు కూడా కాలేదు, చేతిలో వేరే పని లేదు. పెత్తనం కోసం ఎవరైనా అలా చేస్తారా?

పైగా తన వాదన ఆదివారం ప్రసంగంలో చెప్పనివ్వమంటే సంఘం ఒప్పుకోలేదు. పుస్తకం రాశాడు, ఊళ్ళో చదివినవాళ్ళు చాలా తక్కువ. చివరికి 1750 మొదట్లో గురువారాలు ఉపన్యాసాలు పెడితే పక్క ఊళ్ళవాళ్ళే ఎక్కువ వచ్చారు. వినకుండానే ఓటేశారు.

నెల్లూరమ్మాయి

నేను బాప్టిస్టు ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని (మేం పసిపిల్లలకి కాదు, విశ్వసించినవాళ్ళకే బాప్తిస్మం ఇస్తాం), కాబట్టి నా వంతు పుల్ల నేను పెడతాను.

అక్షరసత్యం బ్రదర్, ఎడ్వర్డ్స్ ధైర్యం ఒప్పుకుంటా, కానీ ఆయన సగం దూరమే నడిచాడు కదా. బల్లకి రావాలంటే హృదయపూర్వక విశ్వాసం కావాలన్నాడు, మరి బాప్తిస్మానికి ఎందుకు అక్కర్లేదు? ఎనిమిది రోజుల పసిబిడ్డ ఏ ఒప్పుకోలు చెబుతుంది? విశ్వాసుల పిల్లలు నిబంధనలో ఉన్నారంటూ బాప్తిస్మం ఇచ్చేసి, పెద్దయ్యాక "నువ్వు నిజంగా లోపల ఉన్నావా" అని అడిగితే ఆ పిల్లలకి ఒళ్ళు మండదా! ఆ గొడవంతా పుట్టింది అక్కడే అని నా అభిప్రాయం.

ఈ మాట నేను కొత్తగా కనిపెట్టింది కాదు. ఆ మేలుకొలుపు ఉద్యమంలో మారిన ఐజాక్ బ్యాకస్ మొదట కాంగ్రిగేషనల్ సంఘం (ప్యూరిటన్ల నుంచి వచ్చిన ఊరి అధికారిక సంఘం) నుంచి విడిపోయి వేరే సంఘం పెట్టుకున్నాడు, తర్వాత ఇదే తర్కం పట్టుకుని 1751లో నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకున్నాడు. అలా వందలమంది బాప్టిస్టులయ్యారు. వాళ్ళూ కాల్వినిస్టులే, ఏర్పాటు, కృప అన్నీ ఒప్పుకున్నవాళ్ళే. కానీ కాలనీ ప్రభుత్వం ఊరి పాస్టర్ జీతానికి వాళ్ళ దగ్గర కూడా పన్ను వసూలు చేసేది. మినహాయింపు చట్టాలు ఉన్నా సర్టిఫికెట్ తెమ్మనేవాళ్ళు, అది లేకపోతే ఆవునో పాత్రల్నో జప్తు చేసేవాళ్ళు, జైల్లో పెట్టేవాళ్ళు. బ్యాకస్ వాళ్ళమ్మ 1752లో కనెక్టికట్‌లో ఆ పన్ను కట్టనన్నందుకే జైలుకి వెళ్ళింది. ముసలావిడ, ఒంట్లో బాగోలేదు, వర్షంలో రాత్రి తొమ్మిదింటికి తీసుకెళ్ళారని కొడుక్కి ఉత్తరం రాసింది.

బోస్టన్_బావ

సిస్టర్ చెప్పిన పన్ను సంగతి మరిచిపోకూడదు. గోదారిగట్టు గారు అడిగిన జీతం ప్రశ్నకి జవాబు కూడా అందులోనే ఉంది. కాపరి జీతం ఇచ్చేది కానుకల పెట్టె కాదు, ఊరు. ఏటా ఊరి సమావేశంలో ఎంతివ్వాలో తేల్చేవాళ్ళు. 1740ల్లో కాలనీ కాగితం డబ్బు విలువ పడిపోతూ ఉంది, ఎడ్వర్డ్స్ కుటుంబం పెరుగుతూ ఉంది, ప్రతి ఏడాదీ అడగడం, వాళ్ళు సణగడం. ఆయన భార్య సారా బట్టల మీద, నగల మీద కూడా ఊళ్ళో చెవులు కొరుక్కున్నారు. ఈ సగం చదివితే మన ఊరి సంగతిలాగే ఉంటుంది, దేశమే వేరు.

ఇంకో ముఖ్యమైన విషయం, ఇదంతా చుట్టరికాల మధ్య జరిగిన గొడవ. ఆయనకి ఊళ్ళో అండగా నిలబడ్డ మనిషి సొంత మేనమామ కల్నల్ జాన్ స్టొడార్డ్. ఆయన 1748లో పోయాడు. ఆ మరుసటి ఏడాదే తుఫాను. వ్యతిరేక వర్గానికి నోరు ఎవరంటే జోసెఫ్ హాలీ అనే యువ లాయరు, ఎడ్వర్డ్స్‌కి పిన్ని కొడుకు. పుస్తకానికి జవాబు పుస్తకం రాసిన సాలమన్ విలియమ్స్ కూడా అమ్మమ్మగారి వైపు బంధువే.

1750 జూన్‌లో పక్క సంఘాల పెద్దలు, కాపరులు కౌన్సిల్‌గా కూర్చుంటే అక్కడ ఆయన్ని పంపేయాలని తీర్పు 10-9. ఒక్క ఓటు! సంఘం లోపల మాత్రం ఏకపక్షం. జూన్ 22న అధికారికంగా తెగిపోయింది. ఓటేసింది మగ సభ్యులే, ఆడవాళ్ళు ఏమనుకున్నారో లెక్కలో లేదు.

జూలై 1న వీడ్కోలు ప్రసంగం, 2 కొరింథీ 1:14 మీద. తిట్టలేదు, ఏడవలేదు. మీరూ నేనూ తీర్పు దినాన మళ్ళీ కలుస్తాం, ఈ గొడవలో ఎవరిది న్యాయమో అప్పుడు అక్కడ తేలుతుంది అన్నాడు. నాకైతే ఎన్‌ఫీల్డ్ ప్రసంగం కంటే ఇదే ఎక్కువ భయపెట్టింది.

తమాషా ఏంటంటే కొత్త కాపరి దొరక్క, సాగనంపిన మనిషినే వారం వారం పిలిచి ప్రసంగం చెప్పించుకున్నారు ఆ నవంబరు దాకా. ఏ వారానికి ఆ వారం డబ్బు. ఆయనా వెళ్ళి చెప్పాడు.

తెనాలి_పిల్లాడు

చివరి పేరా చదివి నవ్వాగలేదు అన్నా. మా సంఘంలో కూడా... వద్దులే, మా నాన్న ఈ సైటు చూస్తాడు.

సందేహాలరావు

హాలీ పేరు వచ్చింది కాబట్టి, బావగారు మర్యాదకి వదిలేసినది నేను చెబుతా. ఆ లాయరు తండ్రి పేరు కూడా జోసెఫ్ హాలీయే, అంటే ఎడ్వర్డ్స్‌కి బాబాయి. 1734-35లో నార్తాంప్టన్‌లో మొదటి మేలుకొలుపు వచ్చింది, ఆరు నెలల్లో 300 మందికి పైగా మారారని ఎడ్వర్డ్సే రాశాడు, ఆ పుస్తకం లండన్‌లో అచ్చయి ప్రపంచమంతా తిరిగింది. అదే సమయంలో ఈ బాబాయి "నేను ఏర్పరచబడినవాడిని కాదేమో" అన్న దిగులుతో నిద్రపోలేక, 1735 జూన్ 1, ఆదివారం పొద్దున్న గొంతు కోసుకుని చనిపోయాడు. కొడుక్కి అప్పుడు పదకొండేళ్ళు. ఎడ్వర్డ్స్ దీన్ని దాచలేదు, కానీ సాతాను పని అని రాశాడు, ఆ కుటుంబంలో దిగులు జబ్బు ముందు నుంచీ ఉందనీ రాశాడు. పదిహేనేళ్ళ తర్వాత ఆ కొడుకు ఎదురు నిలబడి వాదించాడంటే ఆశ్చర్యమేముంది?

ఇంకా పెద్ద పిచ్చి చూడాలంటే జేమ్స్ డావెన్‌పోర్ట్. ఊరూరా తిరుగుతూ "మీ పాస్టరుకి మారుమనస్సు లేదు" అని పేరుపెట్టి మరీ చెప్పేవాడు. 1742లో కనెక్టికట్ అసెంబ్లీ ఇతనికి మతి స్థిమితం లేదని తేల్చి ఊరు దాటించింది. 1743 మార్చిలో న్యూ లండన్‌లో పేరున్న దైవజనుల పుస్తకాలు కుప్పపోసి తగలబెట్టించాడు, మర్నాడు షోకైన బట్టల వంతు, అందులో వేయడానికి తన ప్యాంటు కూడా విప్పి పడేశాడు. అక్కడున్న ఒకావిడ దాన్ని లాక్కుని అతని మీదకే విసిరిందట. మరుసటి ఏడాది క్షమాపణ అచ్చు వేయించాడనుకోండి.

బోస్టన్ మొదటి సంఘం కాపరి చార్లెస్ చాన్సీ ఊరూరా తిరిగి ఇలాంటివన్నీ పోగుచేసి 1743లో లావుపాటి పుస్తకం వేశాడు. భావోద్వేగం ఆత్మ కాదు, బుద్ధి పగ్గం పట్టుకోవాలి అన్నాడు. నేను ఆ కాలంలో ఉంటే చాన్సీ చర్చిలో వెనక బెంచీలో కూర్చునేవాడిని.

అక్షరసత్యం

కూర్చుంటే ఎక్కడ తేలేవారో కూడా తెలుసుకోండి. ఆ చాన్సీయే తర్వాత అందరూ చివరికి రక్షింపబడతారని రహస్యంగా పుస్తకం రాసి, బయటపెట్టే ధైర్యం లేక ఏళ్ళ తరబడి బీరువాలో దాచాడు. ఆ రాతప్రతికి స్నేహితుల మధ్య రహస్య పేరు "పుడ్డింగ్". 1784లో లండన్‌లో పేరు లేకుండా అచ్చయింది. సిద్ధాంతం బుద్ధికి అప్పగిస్తే అది ఎటు నడుస్తుందో ఆయన జీవితమే చెబుతుంది.

డావెన్‌పోర్ట్‌ని ఎడ్వర్డ్స్ ఖాతాలో వేయకండి. ఏది నిజమైన కృప, ఏది ఉత్త ఆవేశం అని తేల్చడానికే ఆయన 1746లో భక్తి భావాల మీద పుస్తకం రాశాడు. కేకలు, వణుకు, కన్నీళ్ళు ఇవేవీ రుజువు కాదు, జీవితాంతం కనపడే ఫలాలే రుజువు అన్నాడు. బల్ల విషయంలో ఆయన మనసు మారడానికి ఇదే కారణమని నేను నమ్ముతాను. 1735లో మారామని ఏడ్చినవాళ్ళు నాలుగేళ్ళకి మళ్ళీ పొలం గట్ల మీద, పార్టీల మీద కొట్టుకోవడం ఆయన కళ్ళారా చూశాడు.

ఇది ఒక్క నార్తాంప్టన్ గొడవా కాదు. న్యూజెర్సీలో డచ్ రిఫార్మ్‌డ్ కాపరి ఫ్రేలింగ్‌హైసన్ 1720లో వచ్చీ రాగానే డబ్బున్న పెద్దల్ని కూడా బల్లకి రానివ్వలేదు, వాళ్ళు 1725లో ఆయన మీద ఫిర్యాదునే ఒక పుస్తకంగా అచ్చు వేశారు. ప్రెస్బిటేరియన్లలో గిల్బర్ట్ టెన్నెంట్ 1740లో మారుమనస్సు లేని కాపరుల ప్రమాదం మీద ప్రసంగం చేస్తే సంఘం 1741లో రెండుగా చీలి 1758 దాకా కలవలేదు. ఆ టెన్నెంటే తర్వాత మెత్తబడి కలపడానికి కష్టపడ్డాడు.

నెల్లూరమ్మాయి

తెనాలి తమ్ముడూ, నీకు నవ్వులాట అయిందిగానీ ఈ ఎడ్వర్డ్స్ గొడవకి మనకీ ఒక తీగ ఉంది. డేవిడ్ బ్రెయినర్డ్ అనే యువ మిషనరీ క్షయతో 1747లో ఎడ్వర్డ్స్ ఇంట్లోనే చనిపోయాడు. అతని డైరీని ఎడ్వర్డ్స్ సరిచేసి 1749లో అచ్చు వేయించాడు, అంటే బల్ల గొడవ నడుస్తున్న ఏడాదే. ఆ పుస్తకం ఇంగ్లండులో విలియం కేరీ అనే బాప్టిస్టు కాపరి చేతిలో పడింది. అప్పుడు అక్కడి బాప్టిస్టుల్లో కొందరు కరడుగట్టిన కాల్వినిస్టులు, పాపి తనంతట తాను రాలేడు కాబట్టి అతన్ని రమ్మని పిలవడం కూడా తప్పే అనేవాళ్ళు. ఆండ్రూ ఫుల్లర్ ఎడ్వర్డ్స్ రాతలు పట్టుకునే ఆ వాదనని పడగొట్టాడు: మనిషి రాలేకపోవడం కాదు, రావడానికి ఇష్టపడకపోవడం, కాబట్టి పిలవాల్సిందే. ఆ గుంపే 1792లో మిషన్ పెట్టింది, కేరీ 1793లో బెంగాల్ చేరాడు. బెంగాల్లో కేరీ వాళ్ళ శ్రీరాంపూర్ ప్రెస్సు నుంచి 1818లో తెలుగు కొత్త నిబంధన వచ్చింది. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషన్ వాళ్ళు క్రాన్, డెగ్రాంజ్ కూడా అదే గాలి పీల్చినవాళ్ళు.

మా ఊళ్ళో ఇప్పటికీ బల్ల ఆదివారం 1 కొరింథీ 11:28 (బల్లకి ముందు ప్రతివాడూ తన్ను తాను పరీక్షించుకోవాలన్న వాక్యం) చదవగానే తల దించుకుని కూర్చుండిపోయి రొట్టె ముట్టనివాళ్ళు ఉంటారు. మా పెద్దమ్మ ఇరవై ఏళ్ళు అలాగే కూర్చుంది, ఎవరితోనూ మాట పడ్డ మనిషి కాదు. స్టొడార్డ్ అయితే ఆవిడని చెయ్యిపట్టి తీసుకెళ్ళేవాడు. ఎడ్వర్డ్స్ ఏం చేసేవాడో నాకు తెలీదు, నిజంగా అడుగుతున్నా, అక్షరసత్యం బ్రదర్ చెప్పండి.

అక్షరసత్యం

పక్కన కూర్చుని మాట్లాడేవాడనుకుంటా సిస్టర్. ఆయన అడిగింది పూర్తి నిశ్చయత కాదు, నిజాయితీ గల ఒప్పుకోలు. భయపడుతూ "నాకు క్రీస్తు కావాలి" అన్నవాళ్ళని ఆయన ఆపమనలేదు. పట్టింపు లేకుండా అలవాటుగా వచ్చేవాళ్ళని ఆపమన్నాడు. అయితే ఊళ్ళో జనం మాత్రం మొదటి రకంవాళ్ళే ఎక్కువ భయపడ్డారు, అది ఒప్పుకోవాలి.

గోదారిగట్టు

ఇంత వివరంగా చెబుతారనుకోలేదు, అందరికీ థాంక్స్. ఇంకొక్కటి అడగాలి. ఈయన బానిసల్ని కొన్నాడని ఎక్కడో చూశాను, అది వ్యతిరేకులు పుట్టించిందా?

బోస్టన్_బావ

నిజమే. 1731లో న్యూపోర్ట్ వెళ్ళి వీనస్ అనే పద్నాలుగేళ్ళ అమ్మాయిని 80 పౌండ్లకి కొన్నాడు, ఆ రసీదు ఇప్పటికీ ఉంది. అప్పటికి పీఠం మీదకి వచ్చి రెండేళ్ళు. ఊళ్ళో ఎవరూ దీన్ని ఆయన మీద నేరంగా మోపలేదు, ఎందుకంటే మోపగలిగిన పెద్దల ఇళ్ళలో కూడా బానిసలు ఉన్నారు. పక్క ఊరి కాపరిని ఇదే విషయంలో సంఘస్థులు నిలదీస్తే ఆ కాపరి తరఫున వాదన చిత్తు కాగితం రాసింది కూడా ఈయనే, అందులోనే ఆఫ్రికా నుంచి కొత్తగా మనుషుల్ని పట్టి తేవడం తప్పన్నాడు. రెండూ ఒకే కాగితం మీద.

ఆయన శిష్యుడు శామ్యూల్ హాప్కిన్స్ బానిసల ఓడలు దిగే అదే న్యూపోర్ట్‌లో కాపరిగా ఉండి 1776లో బానిసత్వానికి వ్యతిరేకంగా పుస్తకం వేశాడు. సొంత కొడుకు చిన్న జోనాథన్ ఎడ్వర్డ్స్ 1791లో దాని మీద ప్రసంగించాడు. నల్లజాతి తండ్రికి పుట్టి, వెట్టి ఒప్పందం మీద పెరిగిన లెమ్యూల్ హేన్స్ ఎడ్వర్డ్స్ బాటలో నడిచిన గట్టి కాల్వినిస్టు, వెర్మాంట్‌లో తెల్లవాళ్ళ సంఘానికి 30 ఏళ్ళు కాపరి. 1818లో ఆయన్నీ సంఘం పంపించేసింది.

సందేహాలరావు

బల్ల దగ్గరికి ఎవరు రావాలో ఇరవై ఏళ్ళు తల బద్దలు కొట్టుకున్న మనిషికి ఇంట్లో ఆ పిల్ల...

మోడరేటర్

రావుగారూ, ఈ విషయం పెద్దది, ఇక్కడ రెండు వాక్యాల్లో తేలేది కాదు. బానిసత్వం, న్యూ ఇంగ్లండు కాపరులు అన్న పేరుతో కొత్త థ్రెడ్ తెరిచాను, బావగారి పోస్టు అక్కడ కూడా పెట్టాను, అక్కడ కొనసాగించండి. ఇక్కడ నార్తాంప్టన్ ఓటు వరకే.

అక్షరసత్యం

అయితే నార్తాంప్టన్ ఓటు మీద ఆఖరి మాట. 1751లో ఎడ్వర్డ్స్ స్టాక్‌బ్రిడ్జ్ అనే సరిహద్దు ఊరికి మొహికన్ తెగవాళ్ళ మధ్యకి వెళ్ళాడు, చిత్తస్వాతంత్ర్యం మీద పెద్ద పుస్తకం 1754లో అక్కడి నుంచే వచ్చింది. 1758లో ప్రిన్స్‌టన్ కాలేజీకి అధ్యక్షుడిగా వెళ్ళాడు, మశూచి టీకా వికటించి మార్చిలో చనిపోయాడు. రెండేళ్ళకి, 1760లో, రావుగారు చెప్పిన ఆ లాయరు జోసెఫ్ హాలీ బోస్టన్ పత్రికలో ఉత్తరం అచ్చు వేయించాడు. నా గర్వం, పదవి మీద ఆశ నన్ను నడిపించాయి, ఆ మనిషికి అన్యాయం చేశాను అని.

సందేహాలరావు

ఉత్తరం నేనూ చదివాను. అందులో తన గర్వం తప్పన్నాడు, ఎడ్వర్డ్స్‌తో మాట్లాడిన తీరు తప్పన్నాడు. బల్ల విషయంలో ఎడ్వర్డ్స్‌ది రైటు అని ఎక్కడన్నాడో ఆ వాక్యం చూపించండి.

అక్షరసత్యం

సాయంత్రం ఇంటికెళ్ళాక పుస్తకం తీసి మొత్తం టైపు చేసి పెడతాను, చదివాక మాట్లాడుకుందాం.